ముక్కు మీది పుండు, పైపులోని నీళ్లు: సీప్యాప్‌తో నా మొదటి ఏడాది

2022 నవంబరులో సెలవుకు ఇంటికి వచ్చిన నా కూతురు ఒక రాత్రి నా పక్క మంచం మీద పడుకుని, నేను గురక పెడుతూ పెడుతూ ఉన్నట్టుండి నిశ్శబ్దమైపోవడాన్ని, ఆ నిశ్శబ్దం చాలాసేపు సాగిన తరువాత గొంతు నొక్కి వదిలినట్టు ఒక్క ఉలికిపాటుతో మళ్లీ గాలి పీల్చుకోవడాన్ని తన ఫోనులో రికార్డు చేసింది. పొద్దున్నే అది నాకు వినిపించి, "నాయినా, ఇది ఉట్టి గురక కాదు, నువ్వు నిద్రల ఊపిరి ఆపుతున్నవు" అన్నది. నేను నల్లగొండ జిల్లాలో జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో భౌతిక శాస్త్రం చెప్పే ఉపాధ్యాయుణ్ని. మధ్యాహ్నం మూడో పీరియడులో కుర్చీలో కూర్చుంటే కళ్లు మూతలు పడటం, తెల్లవారి తలనొప్పితో లేవడం అప్పటికి నాలుగైదేళ్లుగా ఉన్నవే, కానీ వాటిని వయసు ఖాతాలో వేసి ఊరుకున్నాను.

నార్కట్‌పల్లి, చౌటుప్పల్ మీదుగా హైదరాబాదుకు వెళ్లి, ఒక ఆసుపత్రిలో తలకు, ఛాతీకి తీగలు అతికించుకుని ఒక రాత్రి నిద్రపోయి వచ్చాను. నా ఊపిరి గంటకు 46 సార్లు ఆగడమో సన్నబడటమో జరుగుతున్నదని, రక్తంలో ఆక్సిజన్ ఒక దశలో 78 శాతానికి దిగిందని నివేదికలో రాశారు. ఊపిరి పది సెకన్లకు తగ్గకుండా ఆగితేనే ఆగినట్టు లెక్కిస్తారు. గంటకు 5 లోపు ఉంటే మామూలు, 30 దాటితే తీవ్రం. నిద్రలో గొంతు వెనుక కండరాలు సడలి దారి మూసుకుపోకుండా, ముక్కు ద్వారా నిరంతరం గాలి ఒత్తిడి పంపే సీప్యాప్ యంత్రాన్ని 11 సెంటీమీటర్ల నీటి పీడనం దగ్గర వాడమన్నారు. ఇంతవరకు జరిగినది చాలామందికి జరిగేదే కనుక దీన్ని పొడిగించను. నేను చెప్పదలచుకున్నది ఆ తరువాతి ఏడాది గురించి. యంత్రం మొదటి రోజు నుంచి తన పని సరిగ్గానే చేసింది. నన్ను బాధపెట్టినవన్నీ ఆ యంత్రానికీ నా ముఖానికీ మధ్య ఉన్న నాలుగు అంగుళాల రబ్బరులోనూ, ఆరడుగుల పైపులోనూ ఉన్నాయి.

డిసెంబరులో యంత్రం కొన్న దుకాణంలో ఒక యువకుడు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ముక్కునూ నోటినీ కలిపి కప్పే మాస్కు ఒకటి పెట్టి, వెనుక నుంచి పట్టీలు బిగించి, "సరిపోయింది సార్" అన్నాడు. యంత్రం ఆన్ చేయలేదు, నన్ను పడుకోబెట్టనూ లేదు. అది తప్పని ఆ రోజు నాకు తెలియదు. ఇంట్లో ఆ రాత్రి పడుకోగానే బుగ్గల కండ కిందికి జారింది, దవడ వెనక్కి వెళ్లింది, మాస్కు కింది అంచు గడ్డం దగ్గర పైకి లేచింది. ఒత్తిడి పూర్తి స్థాయికి చేరేసరికి ముక్కు దూలం పక్కనుంచి సన్నని గాలి నేరుగా ఎడమ కంట్లోకి కొట్టడం మొదలైంది. చేతికి అందిన పట్టీని బిగించాను. గాలి కుడి పక్కకు మారింది. అటు పట్టీ బిగించాను. ఇలా ప్రతి రాత్రీ రెండు మూడు సార్లు లేచి ఒక్కొక్క పట్టీ లాగుతూ పోతే, పది రోజులకు ముక్కు దూలం మీద చింతగింజంత ఎర్రటి మచ్చ ఏర్పడింది, పదిహేనో రోజున చర్మం లేచి పుండయింది.

బడిలో పిల్లలు అడిగారు. అద్దాలు కొత్తవి, రాసుకుపోయిందని చెప్పాను. నిజానికి ఆ పుండు మీదే అద్దాలు కూడా నిలవాలి కనుక పగలంతా మంట. దుకాణానికి ఫోను చేస్తే "అలవాటైతది సార్, ఒక నెల ఓపిక పట్టండి" అన్నారు. ఆ మాట నేను నమ్మాను. నమ్మి మరో వారం ఓర్చుకున్నాను, ఆ తరువాత మాస్కును అలమారాలో పెట్టేసి పన్నెండు రోజులు ముట్టుకోలేదు. ఈ చికిత్స మొదలుపెట్టినవారిలో కొందరు మొదటి నెలల్లోనే మానేస్తారని డాక్టరు ముందే చెప్పి ఉన్నారు. వారు ఎందుకు మానేస్తారో నాకు ఆ పన్నెండు రోజుల్లో తెలిసింది. చికిత్స పనిచేయక కాదు, మాస్కు ముఖం మీద నిలవక.

పన్నెండో రోజు రాత్రి నా భార్య నిద్రపోలేదు. నా ఊపిరి ఆగినప్పుడల్లా భుజం తట్టి లేపుతూ కూర్చున్నది. తెల్లవారి ఆమె అన్న మాట ఇది: "మాస్కు మంచిగ లేదంటే మంచిగున్నది తెచ్చుకోవాలె గని, ఊపిరి వద్దంటరా?" ఆ వారమే మళ్లీ హైదరాబాదు వెళ్లాను, ఈసారి దుకాణానికి కాకుండా పరీక్ష చేసిన ఆసుపత్రిలోని నిద్ర విభాగానికి.

అక్కడి టెక్నీషియన్ నన్ను మొదట అడిగింది మాస్కు గురించి కాదు, నేను ఇంట్లో ఎటు తిరిగి పడుకుంటానని. తరువాత ఒక కాగితపు కొలతబద్ద ముక్కు దగ్గర పెట్టి చూసి, నాకు ఇచ్చినది పెద్ద సైజు, నాకు కావలసినది మధ్య సైజు అని తేల్చారు. పెద్ద మాస్కు అంచు ముక్కు దూలం మీద ఎముక మొదలయ్యే చోట కూర్చోవడం వల్లనే దాన్ని ఎంత బిగించినా గాలి ఆగలేదు. పట్టీ బిగించిన కొద్దీ మెత్తని సిలికాన్ అంచు నలిగి మడతపడుతుంది, మడత పడిన చోట కొత్త సందు ఏర్పడుతుంది. ఆ అంచు గాలి నిండి కొద్దిగా ఉబ్బి, ముఖం మీద తేలినట్టు కూర్చున్నప్పుడే సందులను మూయగలదు. అంటే గాలి కారితే పట్టీ బిగించాలన్న నా అంచనా సరిగ్గా తలకిందులైనది. చాలాసార్లు పట్టీని ఒక గీత వదులు చేయాలి. సైకిల్ ట్యూబులో గాలి నిండకముందు టైరు రిమ్ము మీద సరిగ్గా కూర్చోదని మా బడి పిల్లలకు కూడా తెలుసు. నేను దాన్ని నా ముఖానికి అన్వయించుకోలేకపోయాను.

ఆ రోజు నేర్చుకున్న పద్ధతిని ఇప్పటికీ పాటిస్తున్నాను. దిండు మీద తల పెట్టి, నిద్రపోయే భంగిమలో పడుకుని, యంత్రాన్ని పూర్తి ఒత్తిడి మీద నడిపిస్తూ మాస్కు పెట్టుకోవాలి. ముందు కింది పట్టీలు, తరువాత పై పట్టీలు, రెండు పక్కలా సమానంగా లాగాలి. పట్టీకీ చర్మానికీ మధ్య రెండు వేళ్లు దూరాలి. తరువాత మాస్కును ముఖం నుంచి కొద్దిగా ముందుకు లాగి వదిలితే అంచు గాలితో నిండి తన చోటులో తాను కూర్చుంటుంది. మాస్కు ముందు భాగంలోని సన్నని రంధ్రాల నుంచి వచ్చే గాలి కారడం కాదు; మనం వదిలిన బొగ్గుపులుసు వాయువు బయటికి పోవడానికి వాటిని కావాలనే పెట్టారు. ఈ సంగతి తెలియక మొదటి వారంలో నేను ఒక రాత్రి వాటి మీద చేతిగుడ్డ వేసి మూయబోయాను. అలా ఎవరూ చేయవద్దు.

అదే టెక్నీషియన్ మాటల్లో ఈ యంత్రం పుట్టుక గురించి కూడా విన్నాను, తరువాత చదివాను. ఆస్ట్రేలియాలోని సిడ్నీ వైద్యుడు కాలిన్ సలివాన్, ఆయన సహచరులు 1981లో దీన్ని తొలిసారి ప్రచురించారు. ఆ తొలినాళ్ల రోగులకు పట్టీల మాస్కు లేదు. ముక్కు అచ్చు తీసి చేసిన మాస్కును ప్రతి రాత్రీ సిలికాన్ జిగురుతో ముఖానికి అతికించుకుని, పొద్దున్న ఊడదీసుకునేవారు. ఇది చదివిన రోజు నా మనసు ఎంతో కుదుటపడింది. నా బాధ చిన్నదని కాదు. మాస్కు ముఖానికి అమరడం అనేది ఈ చికిత్సలో మొదటి నుంచీ ఉన్న కష్టమైన భాగమని, అది నా ఓపికలేనితనం కాదని అర్థమైనందుకు.

పుండు మానేవరకు దూలాన్ని అంతగా ఒత్తని మాస్కు కావాలి కనుక, ముక్కును మాత్రమే కప్పే రకాన్ని ఎంచుకున్నాను. దానికి ఇంకో రూ. 7,500 పెట్టవలసి వచ్చింది. దాని అంచు పై పెదవి మీద కూర్చుంటుంది కనుక మీసం అడ్డం వచ్చింది. వెంట్రుకల మధ్య నుంచి గాలి సన్నగా చీలుతుంది. ముప్పై ఏళ్లుగా ఉన్న మీసాన్ని తీయలేదు గాని, పెదవి వైపు అంచును కత్తెరతో నూలుపోగంత పలుచన చేయించాను. ఆ రాత్రే యంత్రం తెర మీద గాలి నష్టం సంఖ్య నిమిషానికి 30 లీటర్ల పైనుంచి పదికి దిగింది. నా యంత్రానికి 24 లీటర్లు దాటితే ఎక్కువ అని లెక్క. ఊపిరి ఆగడాలు గంటకు మూడుకు తగ్గాయి. ఫిబ్రవరి చివరి మూడు వారాలు నేను ఎన్నో ఏళ్ల తరువాత నిజమైన నిద్ర పోయాను. పుండు ఎండి, పొక్కు రాలిపోయింది.

మార్చి నెలాఖరున ఎండలు ముదిరేసరికి రెండో కష్టం మొదలైంది. తెల్లవారుజామున మూడింటికి నాలుక అంగిలికి అతుక్కుపోయి మెలకువ వచ్చేది. గొంతు ఇసుక కాగితంలా ఉండేది. ముక్కులో కుడి పక్క మూసుకుపోయేది, చీదితే రక్తపు చారలు కనిపించేవి. యంత్రంతో పాటు నీళ్లు పోసుకునే డబ్బా ఒకటి వచ్చింది, కానీ దుకాణంలో "నీళ్లు పోయకున్నా నడుస్తది" అన్నారు కనుక దాన్ని అట్టపెట్టెలోనే వదిలేశాను. చలికాలంలో అది లేకుండా గడిచిపోయింది కాబట్టి, ఎండాకాలంలో వచ్చిన ఈ బాధకూ ఆ డబ్బాకూ సంబంధం ఉంటుందని తోచలేదు. నోరు ఎండుతున్నదంటే నోరు తెరుచుకుంటున్నదని మాత్రం అర్థమై, గడ్డం కిందనుంచి నెత్తిమీదికి గుడ్డపట్టీ ఒకటి కట్టుకున్నాను. నోరు మూసుకున్నది, ముక్కు ఇంకా బిగుసుకున్నది. రెండో రాత్రి ఊపిరాడక పట్టీ విప్పి పారేశాను.

నల్లగొండలోనే ఒక చెవి, ముక్కు, గొంతు డాక్టరు దగ్గరికి వెళ్తే, ముక్కు మధ్య గోడ కొంచెం ఎడమకు వంగి ఉన్నదని, అయితే అది పుట్టినప్పటి నుంచీ ఉన్నదేననీ, ఇప్పటి బాధ దానివల్ల కాదనీ చెప్పి, ఉప్పునీటి చుక్కలు, ఒక నెలపాటు వాడే స్ప్రే రాశారు. తరువాత ఆయన వివరించిన తీరు నాకు బాగా పట్టుబడింది. మామూలుగా ముక్కు తాను లోపలికి పంపే గాలిని వేడిచేసి, తడిపి పంపుతుంది. బయటికి వచ్చే ఊపిరి నుంచి ఆ తేమలో కొంత తిరిగి తీసుకుంటుంది. నిద్రలో నోరు తెరుచుకుంటే యంత్రం పంపిన గాలి ముక్కులోంచి వచ్చి నోట్లోంచి పోతుంది. ముక్కుకు ఇవ్వడమే గాని తిరిగి తీసుకోవడం ఉండదు. పొర ఎండిపోతుంది, ఎండిన పొర తనను తాను కాపాడుకోవడానికి ఉబ్బుతుంది, ఉబ్బితే ముక్కు బిగుసుకుంటుంది, ముక్కు బిగుసుకుంటే నోరు ఇంకా తెరుచుకుంటుంది. ఈ చక్రాన్ని నోటి దగ్గర కట్టేయబోతే నాకు ఊపిరాడలేదు. దాన్ని ముక్కు దగ్గర, తేమతో తెంచాలి. "డబ్బాల నీళ్లు పోయండి సారు, పోసి వారం చూసి రండి" అన్నారాయన.

నీళ్లు పోశాను. వేడి ఎనిమిది మెట్లలో నాలుగో మెట్టు మీద పెట్టాను. మూడో రాత్రికి గొంతు తడిగా లేచాను, వారానికి ముక్కు తెరుచుకున్నది, రక్తపు చారలు పోయాయి. గుడ్డపట్టీ అవసరమే రాలేదు, ఎందుకంటే ముక్కు దారి బాగుంటే నోరు దానంతటదే మూసుకుని ఉంటున్నది. నాలుగు నెలలు అట్టపెట్టెలో పడి ఉన్న ఆ డబ్బాను చూసినప్పుడల్లా ఇప్పటికీ బాధ కలుగుతుంది.

అయితే ఏ నీళ్లు పోయాలి? నల్లగొండవాళ్లకు ఇది మామూలు ప్రశ్న కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను మర్రిగూడ మండలంలో పనిచేశాను. పళ్ల మీద గోధుమరంగు గీతలున్న పిల్లలను, వంగిపోయిన కాళ్లతో తరగతి గుమ్మం ఎక్కలేని పిల్లలను చూశాను. తాగే నీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదని పాఠం చెబుతూ, అదే గదిలో దానికి ఎన్నో రెట్లున్న బోరు నీళ్లను సీసాల్లో తెచ్చుకున్న పిల్లల ముందు నిలబడ్డాను. ఇప్పుడు పానగల్లు ఉదయసముద్రం చెరువులోకి కృష్ణా నీళ్లు వస్తున్నాయి, పట్నంలో నల్లా తిప్పితే అవే వస్తాయి. అయినా నీళ్లను అనుమానంగా చూడటం మా తరానికి అలవాటు. మా పక్కింటి పెద్దాయన మొదటి రోజే అడిగారు, ఆ డబ్బాలోంచి ఫ్లోరైడు ఊపిరితిత్తుల్లోకి పోదా అని.

పోదు. ఈ యంత్రం డబ్బాలోని నీటిని అడుగున వెచ్చచేస్తుంది, పైనుంచి గాలి ఆ నీటిని తాకుతూ ఆవిరిని మోసుకుపోతుంది. ఆవిరిగా లేచేది నీరే. లవణాలు డబ్బాలోనే మిగిలిపోతాయి. నీళ్లను తుంపరలుగా చిమ్మే యంత్రాలు వేరు, వాటిలో లవణాలు తుంపరతో పాటు గాలిలోకి వస్తాయి. కానీ లవణాలు మిగిలిపోతాయన్నదే ఇక్కడ ఇంకో చిక్కు. మొదటి నెలలో నేను నల్లా నీళ్లను కాచి చల్లార్చి పోశాను. కాచితే క్రిములు చస్తాయి గాని లవణాలు పోవు. ఇరవై రోజులకు డబ్బా అడుగున సున్నం వేసినట్టు తెల్లటి పొర పట్టింది, లోహపు పలక మీద అది గరుకుగా చేతికి తగిలింది. ఒక వంతు వెనిగర్‌కు తొమ్మిది వంతుల నీళ్లు కలిపి కాసేపు నాననిచ్చి కడిగితే పోయింది. తరువాత వీధిలో అమ్మే ఇరవై లీటర్ల క్యాన్ నీళ్లు వాడితే పొర పలుచబడింది గాని ఆగలేదు. చివరికి డిస్టిల్డ్ వాటర్‌కే, అంటే ఆవిరిపట్టి లవణాలు లేకుండా చేసిన నీళ్లకే వచ్చాను. యంత్రంతో వచ్చిన పుస్తకంలో కూడా అదే రాసి ఉన్నది.

ఇన్వర్టరు బ్యాటరీలో పోయడానికి అమ్మే నీళ్లు చవకగా దొరుకుతాయి, చాలామంది అవే పోస్తారు. నేను పోయలేదు. వాటిలో లవణాలు తీసేసి ఉండవచ్చు. కానీ అవి మనిషి పీల్చే గాలి కోసం చేసినవి కావు, శుభ్రమైన సీసాలో నింపారన్న హామీ లేదు. ప్రయోగశాల సామాను అమ్మే దుకాణం నుంచి ఐదు లీటర్ల డబ్బా తెచ్చుకుంటాను. ఎండాకాలంలో రాత్రికి దాదాపు 200 మిల్లీలీటర్లు ఖర్చవుతాయి కనుక ఒక డబ్బా మూడు వారాలకు కొంచెం పైన వస్తుంది. పొద్దున్న మిగిలిన నీళ్లను ఏ రోజుకారోజు పారబోసి, డబ్బాను కడిగి, నీడలో బోర్లించి ఆరబెడతాను. నిన్నటి నీళ్ల మీద నేడు కొత్త నీళ్లు పోసుకుంటూ పోతే లవణమూ పెరుగుతుంది, జిడ్డు పొరా కడుతుంది.

తేమ మెట్టును ఒకసారి పెట్టి వదిలేయలేమని కూడా ఆ వేసవిలోనే తెలిసింది. ఫ్యాను మాత్రమే తిరిగే రాత్రి నాలుగు కావాలి. కూలరు పెట్టిన రాత్రి గది గాలే తడిగా ఉంటుంది కనుక రెండు చాలు, అంతకు మించితే మాస్కు లోపల చెమట పట్టినట్టయి అంచు జారుతుంది. మా అబ్బాయి ఇంట్లో ఏసీ గదిలో పడుకున్నప్పుడు ఐదు పెట్టవలసి వచ్చింది. మే నెలలో పగలు 44 డిగ్రీలు దాటిన రోజుల్లో రాత్రి పదింటికి కూడా మా మేడగది గోడలు కాలుతూ ఉంటాయి. గది 35 డిగ్రీలు దాటితే యంత్రం వాడవద్దని పుస్తకంలో ఉన్నది, కనుక ఆ నెలంతా కింది గదికి మారాను.

చెమట వల్ల చర్మం బాధ ఇంకోటి. పడుకునే ముందు ముఖానికి కొబ్బరినూనె రాసుకోవడం నాకు చిన్ననాటి అలవాటు. నూనె సిలికాన్‌ను మెత్తబరచి పాడుచేస్తుంది, అంచు జారుతుంది కూడా. ఆ అలవాటు మానేసి, పడుకునే ముందు సబ్బుతో ముఖం కడుక్కుని పూర్తిగా తుడుచుకుంటున్నాను. పొద్దున్నే మాస్కు అంచును గోరువెచ్చని నీళ్లలో, పసిపిల్లల సబ్బుతో కడిగి, ఎండలో కాకుండా నీడలో ఆరవేస్తాను. నా భార్య నా పాత నూలు పంచె ఒకటి కత్తిరించి, మాస్కు అంచు ఆకారంలో మెత్తని గుడ్డ రింగులు ఎనిమిది కుట్టింది. చర్మానికీ సిలికాన్‌కూ మధ్య అది ఉంటే చెమటను పీల్చుకుంటుంది, రోజుకొకటి మార్చుకుంటాను. గుడ్డ మందమైతే గాలి కారుతుంది. బాగా ఉతికి నలిగిన పంచె పలుచదనమే సరిపోయింది. ఇలాంటివి బజారులోనూ దొరుకుతాయట, కానీ ఇవి నాకు చాలు. అంచును మాత్రం ఆరు నెలలకు మించి వాడను. ఐదో నెల నుంచే అది పసుపుబారి, బిగువు తగ్గి, మళ్లీ కంట్లోకి గాలి కొట్టడం మొదలవుతుంది. అప్పుడు పట్టీ బిగించాలనే పాత బుద్ధి పుడుతుంది.

ఇంత జరిగాక అన్నీ కుదిరాయనుకున్నాను. డిసెంబరులో చలి వచ్చింది. ఒక రాత్రి రెండింటికి నా భార్య నన్ను కుదిపి లేపింది. "రాత్రంతా ఆ పైపు గురగురమంటనే ఉన్నది, మీకు వినపడ్తలేదా?" అన్నది. హుక్కా పీల్చినట్టు చప్పుడు. నేను లేచి కూర్చునేలోగా పైపులోంచి చల్లటి నీళ్లు ముక్కులోకి చిమ్మాయి. ఉక్కిరిబిక్కిరై మాస్కు లాగేసుకున్నాను. నీట మునిగినట్టు అనిపించిన ఆ క్షణపు భయం చాలా రోజులు పోలేదు, మాస్కు పెట్టుకోవాలంటే చేయి వెనకాడేది.

మరునాడు పొద్దున పైపును వెలుతురుకు ఎత్తి చూస్తే మధ్యలో వంగిన చోట చెంచాడు నీళ్లున్నాయి. ఆ నీళ్లు ఎక్కడివో నాకు చెప్పవలసిన పని ఎవరికీ లేదు. పదో తరగతికి ఉష్ణం పాఠం, సాంద్రీకరణం, తుషారం అన్నీ నేను ఏటేటా చెప్పేవే. 30 డిగ్రీల దగ్గర ఒక ఘనమీటరు గాలి దాదాపు 30 గ్రాముల నీటి ఆవిరిని పట్టి ఉంచగలదు, అదే గాలి 18 డిగ్రీలకు చల్లబడితే 15 గ్రాములకు మించి పట్టి ఉంచలేదు. డబ్బా దగ్గర వెచ్చగా, నిండుగా బయలుదేరిన గాలి, కిటికీ పక్కనున్న చల్లని పైపులో ఆరడుగులు ప్రయాణించేసరికి తన తేమలో సగం అక్కడే దింపేస్తున్నది. నేను తేమను పెంచితే సరిపోతుందని అనుకున్నాను, పెంచిన కొద్దీ నీళ్లు ఎక్కువయ్యాయి. గాలిలో తేమ తక్కువై కాదు, దారిలో వేడి నిలవక వస్తున్న బాధ ఇది.

అందుకని ఒక్కొక్క రాత్రి ఒక్కొక్క మార్పు మాత్రమే చేసి, నోటు పుస్తకంలో రాసుకున్నాను. ఒకేసారి మూడు మార్చితే ఏది పనిచేసిందో తెలియదు. మొదటి రాత్రి మంచాన్ని ఉత్తరపు కిటికీ నుంచి జరిపాను. నీళ్లు తగ్గాయి గాని పోలేదు. రెండో రాత్రి తేమను నాలుగు నుంచి మూడుకు దించాను. గురగుర తగ్గింది, గొంతు కొంచెం ఎండింది. మూడో రాత్రి పైపును చద్దరు లోపలి నుంచి తెచ్చుకుని, మళ్లీ నాలుగు పెట్టాను. బాగున్నది గాని పక్కకు తిరిగినప్పుడు పైపు బయటికి జారింది. తరువాత నా భార్య పాత ఉన్ని శాలువాతో పైపు పొడవునా ఒక తొడుగు కుట్టింది. దానితో చప్పుడు ఆగింది. అన్నిటికంటే ముఖ్యమైనది మాత్రం యంత్రం పెట్టే ఎత్తు. అది అప్పటిదాకా తలగడకంటే ఎత్తైన అలమారా మీద ఉండేది. పైపులో చేరిన నీళ్లు పల్లానికి, అంటే నా ముక్కుకే వచ్చేవి. దాన్ని మంచం పక్కన పీట మీద, నా తలకంటే కిందికి దించాను. ఇప్పుడు ఏ కొంచెం నీళ్లు చేరినా డబ్బాలోకే తిరిగిపోతాయి. ఒక్క జాగ్రత్త: డబ్బాలో నీళ్లుండగా యంత్రాన్ని ఎత్తడం, వంచడం చేయకూడదు. ఆ నీళ్లు మోటారులోకి పోతాయి.

తరువాతి చలికాలానికి లోపల సన్నని తీగతో తనంతట తాను వేడెక్కే పైపు కొన్నాను. దాని వేడిని 16 నుంచి 30 డిగ్రీల మధ్య పెట్టుకోవచ్చు. డబ్బున్నవారు మొదటే కొనుక్కోవడం మంచిదే. కాని ఉన్ని తొడుగూ పీటా నాకు ఆ ఏడాదంతా లోటు రానీయలేదు. దేవరకొండ దగ్గర మా ఊరికి వెళ్లినప్పుడు కరెంటు పోతే ఇన్వర్టరు మీద నడపడానికి తేమ వేడి ఆపేస్తాను; కరెంటు ఎక్కువ తినేది ఆ వేడే.

మొన్న జనవరిలో మిర్యాలగూడలో ఉండే తోటి ఉపాధ్యాయుడొకరు ఫోను చేశారు. యంత్రం కొని ఇరవై రోజులైందని, ముక్కు పుండైందని, వదిలేద్దామనుకుంటున్నానని చెప్పారు. ఫోనులో చెబితే అయ్యేది కాదని తెలుసు కనుక ఆదివారం వెళ్లాను. కూర్చుని మాస్కు పెట్టుకుని చూపించమని అడగలేదు. "పండుకోండి సార్, రాత్రి ఎట్ల పండుకుంటరో అట్ల" అన్నాను. ఆయన ఎడమ పక్కకు ఒత్తిగిల్లారు. యంత్రం ఆన్ చేశాను, ఒత్తిడి పెరిగేదాకా ఆగాను. కంటి మూలలో ఈల వేసినట్టు గాలి చప్పుడు మొదలైంది, ఆయన చేయి అలవాటుగా పట్టీ వైపు పోయింది. ఆ చేతిని ఆపి, పై పట్టీని ఒక గీత వదులు చేసి, మాస్కును ముందుకు లాగి వదిలాను. ఈల ఆగిపోయింది. ఆయన చాలాసేపు కళ్లు మూసుకుని అలాగే పడుకున్నారు. తరువాత వాళ్ల ఆవిడను పిలిచి, ఆ అట్టపెట్టెలో నీళ్ల డబ్బా ఉందేమో చూడమన్నాను.